నీలికళ్ళ దిష్టి

పిరేయస్ నుంచి వచ్చే మధ్యాహ్నపు ఓడ రేవులో ఇనుప తలుపు దించగానే, తాడుకి ఇవతల నిలబడ్డ ఆడవాళ్ళందరూ తమ తమ గదుల ఫోటో ఆల్బములు తలల మీదికి ఎత్తేవాళ్ళు. ఫోన్లో గది మాట్లాడుకుని దిగే రోజులు కావవి. గ్రీకు ద్వీపమైన ఈ పారోస్‌కి వచ్చే జనం సముద్రస్నానాలకి వస్తారు, తెల్లవార్లూ తాగి ఆడడానికి వస్తారు, పాలరాతి గుళ్ళూ గుహలూ చూడడానికి వస్తారు. పడుకోవడానికి ఒక మంచం కావాలన్న సంగతి మాత్రం ఓడ దిగాకే గుర్తొస్తుంది వాళ్ళకి. ఆ తాడు కట్టించింది రేవు పోలీసులు. అంతకుముందు ఈ ఆడవాళ్ళు ఏకంగా ఓడలోకి ఎక్కి, చేతిలో పెట్టెలు లాక్కుని మరీ మనుషుల్ని ఇళ్ళకి తోలుకుపోయేవారు. తాడు వచ్చాక వాళ్ళలో వాళ్ళే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దిగిన మనిషి ఎవరి ఆల్బమ్ ముట్టుకుంటే ఆ మనిషి ఆమెకే. మిగతావాళ్ళు నోరెత్తకూడదు.

ఆ తాడు దగ్గర జంబేత ఎప్పుడూ కొసన నిలబడేది. అరవదు, చెయ్యి ఊపదు. ఆల్బమ్‌ని రొమ్ముకి ఆనించి పట్టుకుని, వచ్చేవాళ్ళే తన విలువ కనుక్కుని రావాలన్నట్టు చూస్తూ ఉంటుంది. ఆ చూసే కళ్ళు నీలంవి. చిక్కంతా అక్కడే వచ్చింది. నీలికళ్ళ చూపు తగులుతుందని ఊళ్ళో అందరి నమ్మకం. చంటిపిల్లల తల్లులు ఆమె ఎదురైతే పిల్లల మొహాలు తమ భుజాలకేసి తిప్పేసుకునేవారు. దేన్నైనా బాగుందన్నవాళ్ళు వెంటనే మూడుసార్లు థూ థూ థూ అనాలి, లేకపోతే ఆ బాగున్నదానికి దిష్టి కొడుతుంది. అందరూ అంటారు. జంబేత మాత్రం నలుగురికీ వినపడేలా అనాలి.

తమాషా ఏమిటంటే, ఆ వీధిలో దిష్టి తియ్యడం వచ్చిన మనిషి కూడా ఆమే. అందుకు చదవాల్సిన ప్రార్థన ఆడదాని నోటి నుంచి మగవాడికి, మగవాడి నోటి నుంచి ఆడదానికి అందాలి. ఆడది ఆడదానికి నేర్పితే పనిచెయ్యదు. జంబేతకి వాళ్ళ తాత చెప్పి పోయాడు. కాబట్టి తోడికోడలు అనెజీనా ఎంత బతిమాలినా జంబేత దగ్గర అది నేర్చుకునే వీల్లేదు. తన దగ్గర నుంచి అనెజీనా తీసుకోలేనిది లోకంలో ఇదొక్కటైనా ఉందని జంబేతకి లోలోపల మహా తృప్తి.

ఎందుకంటే మిగతావన్నీ అనెజీనా తీసేసుకుందని ఆమె లెక్క. జంబేత మొగుడు నికిఫోరోస్ పెద్దవాడు, అనెజీనా మొగుడు లెనార్డోస్ చిన్నవాడు. మామగారు పోయేముందు ఒక్క ఇంటిని రెండు చేసి మధ్యలో గోడ లేపించాడు. పెద్దవాడికి పెరడూ అంజూరచెట్టూ వచ్చాయి. చిన్నవాడికి మేడా, మేడ మీంచి కనిపించే సముద్రమూ వచ్చాయి. పంచినప్పుడు అందరూ పెరడే మంచిదన్నారు, నాలుగు అంజూరపళ్ళైనా రాల్తాయని. పరదేశపు జనం దిగడం మొదలెట్టాక ఒక్కడూ అంజూరపళ్ళ మాట ఎత్తలేదు. అందరికీ సముద్రంలో మునిగే సూర్యుడు కావాలి, ఆ మునిగేది తాము గ్లాసు పట్టుకుని కూర్చున్న చోటి నుంచి కనపడాలి. అనెజీనా ఆల్బమ్‌లో మొదటి ఫోటోయే అది. దాని కింద కాగితంపూల తీగ. దాని కింద తెల్లటి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న అనెజీనా.

జంబేత ఆల్బమ్‌లో మంచాలుండేవి. బాగా ఇస్త్రీ చేసిన దుప్పట్లతో, ఎవరూ పడుకోని మంచాలు.

అయినా ఆమెకి ఇంగెబోర్గ్ ఉంది. డెన్మార్కులో బడిపంతులమ్మ. జంబేత ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో మొదటిసారి దిగింది, అప్పట్నుంచీ ప్రతి ఆగస్టులోనూ వస్తుంది. వేరే ఎవరి ఆల్బమ్ వైపూ చూడదు. ఓడ ఇంకా రేవులోకి తిరుగుతూండగానే పై అంతస్తు నుంచి పసుపుపచ్చ టోపీ ఊపుతుంది. ఆ రోజు జంబేత ఆల్బమ్ ఇంట్లోనే వదిలేసి, ఉతికిన గౌను తొడుక్కుని, చేతులూపుకుంటూ రేవుకి వెళ్ళేది. మిగతా ఆడవాళ్ళు చూసి కుళ్ళుకోవాలనే అలా వెళ్ళేది. ఏడాదిలో ఆ ఒక్కరోజు ఆమెని చూసి ఇంకొకళ్ళకి కళ్ళు కుట్టాలి. ఆ ఒక్క రోజు కోసమే ఆమె శీతాకాలమంతా గోడలకి సున్నం కొట్టేది, వాకిలి రాళ్ళ సందుల్లో తెల్లగీతలు దిద్దేది అంటే అబద్ధం కాదు.

ఆ ఏడు కూడా పసుపుపచ్చ టోపీ ఊగింది. పక్కనున్న మార్గరో, ఆ రేవంతటికీ పెద్ద నోరున్న మనిషి, "వచ్చిందమ్మా నీ దొరసాని, ఇంక నేల మీద నిలబడతావా నువ్వు" అంది. జంబేత వినపడనట్టు పెదాలు బిగించి నవ్వాపుకుంది. అయితే ఇంగెబోర్గ్ ఈసారి ఒంటరిగా దిగలేదు. ఆమె కంటే ముందు ఒక పొడుగాటి పిల్ల, మెట్టె అట, అక్క కూతురు, సంచి భుజాన వేసుకుని గెంతుతూ వచ్చింది. వచ్చి తిన్నగా అనెజీనా చేతిలోని ఆల్బమ్‌ని లాక్కుని, మునిగే సూర్యుడి మీద వేలు పెట్టి, "ఇదే ఇదే" అన్నట్టు పిన్ని వైపు తిరిగింది.

ముట్టుకుంది. కట్టుబాటు ప్రకారం అయిపోయింది. జంబేత నోరెత్తకూడదు. కానీ ఇంగెబోర్గ్‌కి కట్టుబాటు ఏమీ లేదుగా. ఆమె ఒక్క మాట అనొచ్చు. కాదమ్మా, మనం జంబేత ఇంటికి పోవాలి అని తన భాషలో ఒక్క ముక్క అంటే చాలు. జంబేత ఆ ముక్క కోసం చూసింది. ఇంగెబోర్గ్ మొహం ఎర్రబడింది. దగ్గరికొచ్చి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, తనకొచ్చిన నత్తి గ్రీకులో, "జంబేతా, పిల్లకి అది నచ్చింది. నీకు తర్వాత చెప్తాను" అని, టోపీ సర్దుకుంటూ అనెజీనా వెనక నడిచింది.

జంబేతకి అరికాలి మంట నెత్తికెక్కింది. అందరూ తన మొహమే చూస్తున్నారని తెలుసు. ఆమె మెడ నిటారుగా పెట్టి, రేవంతా వినేలా, "ఎంత అదృష్టమే అనెజీనా నీది. నువ్వు నవ్వితే చాలు, మనుషులు వెంట నడుస్తారు" అంది.

అని ఊరుకుంది. ఆడవాళ్ళందరూ ఆ మూడు థూలకోసం ఆగారు. మార్గరో అయితే సాయం పడదామన్నట్టు మూతి ముందుకు పెట్టింది కూడా. జంబేత ఉమ్మలేదు. ఆ నీలికళ్ళతో తోడికోడల్ని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. అనెజీనా నవ్వు అక్కడే ఆగిపోయింది. గబగబా తన రొమ్ములోకి తనే థూ థూ థూ అనుకుందని సాయంత్రానికి మార్గరో వీధి వీధంతా చెప్పింది.

ఇంటికి వెళ్తే బల్ల మీద పళ్ళెంలో చల్లటి నీళ్ళూ, గిన్నెలో అంజూరపళ్ళ పాకమూ, ఒక చెంచా ఎదురుచూస్తున్నాయి. వచ్చిన అతిథికి మొట్టమొదట పెట్టేది అది. జంబేత ఆ పాకమంతా నిలబడే తినేసింది. కనుబొమల మధ్య ఏదో మేకు దిగేసినట్టు తలనొప్పి అప్పుడే మొదలైంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, జంబేతకి తన ఇంట్లో ఏం జరుగుతోందో తెలీదు, గోడకి అవతల జరిగేదంతా తెలుసు. తెల్లవారాక మెట్టె నావూసా ఊళ్ళోని బార్ల నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని రావడం తెలుసు. కాస్త పొద్దెక్కాక లెనార్డోస్ పడవ మోటారు దగ్గడం తెలుసు. వాళ్ళు ఏ తీరానికి వెళ్ళొచ్చారో కూడా తెలుసు, అనెజీనా మేడ మీంచి తువ్వాళ్ళు దులిపితే ఇసుక సందులో రాలుతుంది కదా. బరకగా, పసుపుపచ్చగా ఉంటే బంగారు తీరం. మెత్తగా, తెల్లగా ఉంటే కొలింబిత్రెస్ బండల మధ్య మడుగులు. ఎర్రమట్టి అంటుకున్న బూట్లు గుమ్మంలో ఉంటే పక్క ద్వీపం ఆంతిపారోస్‌లోని గుహలోకి దిగారన్నమాట. ఒకప్పుడు ఈ చోట్లన్నీ ఇంగెబోర్గ్‌కి చూపించింది నికిఫోరోస్. గుహలో మెట్లు దిగలేక ఆమె భయపడితే జంబేత చెయ్యి పట్టుకుని దింపింది. ఇప్పుడు ఆ చెయ్యి ఎవరు పట్టుకున్నారో అనుకుంటూ, జంబేత సందులో రాలిన ఇసుకని కసిగా ఊడ్చేది.

సాయంత్రాలు మరీ దారుణం. మేడ మీద గ్లాసులు గలగలలాడేవి. మరియమ్మ పండగకి ముందు వచ్చే ఆగస్టు ఉపవాసాల్లో వీధంతా కూరలూ కాయధాన్యాలూ తింటూంటే, అనెజీనా ఎండబెట్టిన చేపని నిప్పుల మీద కాల్చి పరదేశులకి పెట్టేది. ఆ వాసన గోడ దిగి జంబేత పప్పు గిన్నెలోకి వచ్చేది. మధ్యలో ఇంగెబోర్గ్ నవ్వు. తన పెరట్లో ఆమె ఎప్పుడైనా అంత గట్టిగా నవ్విందా అని జంబేత గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఒక్కసారి కూడా గుర్తురాలేదు. తన పెరట్లో ఆవిడ కుర్చీలో కూర్చుని, కాళ్ళు పక్క స్టూలు మీద పెట్టుకుని, ఏదో పుస్తకం చదువుకుంటూ నిద్రపోయేది. అంతే.

నికిఫోరోస్ వల బాగుచేసుకుంటూ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ. పెళ్ళాం తలకి తడిగుడ్డ చుట్టుకుని, గుడ్డలో నిమ్మచెక్కలు దోపుకుని తిరుగుతూంటే చూసి చూసి ఒకరోజు అన్నాడు.

"వెళ్ళి అడగరాదుటే, తర్వాత చెప్తానన్నది ఏమిటో."

"నేనెందుకు అడగాలి? ఆవిడకి కాళ్ళు లేవా?"

"నీకు నోరు లేదా?"

"ఉంది. ఉంది గనకే మూసుకుని కూర్చున్నాను."

కాళ్ళు లేవని కాదు. ఇంగెబోర్గ్ ఒక మధ్యాహ్నం వచ్చింది కూడా. తలుపు తట్టింది, "జంబేతా" అని మెల్లగా పిలిచింది. జంబేత కిటికీ చెక్కల సందులోంచి ఆ పసుపుపచ్చ టోపీని చూస్తూ ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇంకోసారి పిలిస్తే తలుపు తీద్దామనుకుంది. ఇంకోసారి పిలవలేదు. టోపీ వెళ్ళిపోయాక జంబేత మంచం మీద కూర్చుని తన్ను తాను తిట్టుకుంది, తర్వాత రెండోసారి పిలవనందుకు ఇంగెబోర్గ్‌ని తిట్టింది, చివరికి ఎటు తిరిగీ అనెజీనానే తిట్టింది. అనెజీనాకి చెడు జరగాలని ఆమె కోరుకోలేదు. మరియమ్మ తల్లి పటం ముందు నిలబడి చెప్పుకుంది కూడా, దానికేమీ కావద్దు తల్లీ, ఆ నవ్వులు మాత్రం కాస్త తగ్గితే చాలు అని.

నవ్వులు తగ్గాయి. మరియమ్మ పండగ ఇంకా మూడు రోజులుందనగా, మేడ నిండా పరదేశులుండగా, అనెజీనా నీళ్ళ బిందె దించుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. మంచం ఎక్కి లేవలేదు. తల పగిలిపోతోందంటుంది, వెలుతురు చూడలేనంటుంది, మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. ఆ వారమే కాగితంపూల తీగ కూడా ఒక పక్కంతా ఎండిపోయింది. ఇంకేం, వీధిలో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. రేవులో ఉమ్మకుండా వదిలేసిన మాట అందరికీ గుర్తుంది. జంబేత రొట్టెల కొట్టుకి వెళ్తే అక్కడున్న మాటలు ఆగిపోయాయి. మార్గరో మాత్రం మొహం మీదే, "నీ కళ్ళు చల్లగుండ, కాస్త నేలకేసి చూసి నడువమ్మా" అంది.

జంబేత ఇంటికి వచ్చి అద్దంలో తన కళ్ళు చూసుకుంది. భయం వేసిన మాట నిజం. ఆ భయం అడుగున ఇంకోటి కూడా ఉంది, అది బయటికి రాకుండా ఆమె అద్దం తిప్పేసింది. ఇంత పని చేశాయా నా కళ్ళు అన్న చిన్న గర్వం అది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం వీధంతా తలుపులు వేసుకుని పడుకున్న వేళ లెనార్డోస్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "వదినా, అది నిన్ను పిలుస్తోంది. దిష్టి తీస్తే నువ్వే తియ్యాలట" అన్నాడు, చూపు నేలమీద పెట్టి.

నికిఫోరోస్ వల పక్కన పెట్టి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె లేచి గాజుగిన్నె ఒకటి తీసింది, దీపం దగ్గరి నూనె సీసా తీసింది. వెళ్ళక తప్పదు. వెళ్ళకపోతే తనే చేశానని ఒప్పుకున్నట్టు. వెళ్తే, నీళ్ళలో వదిలిన నూనె చుక్క కరిగిపోయి దిష్టి ఉందని చూపిస్తుంది, అది ఎవరిదో అనెజీనాకి తెలుస్తుంది, సాయంత్రానికి మేడ మీదున్న ఇంగెబోర్గ్‌కీ తెలుస్తుంది, ఆ తలుపు ఇంక జన్మలో తట్టదు. గోడ చుట్టూ తిరిగి అవతలి గుమ్మం ఎక్కేదాకా జంబేత నడిచిన నడక దోషిగా ఊరి ముందు నడిచిన నడకే.

గది చీకటిగా ఉంది. అనెజీనా మొహం మైనంలా పాలిపోయి ఉంది. వదిన వెంట వచ్చిన మొగుణ్ణి బయటికి పొమ్మని చేత్తో సైగ చేసింది. జంబేత గిన్నెలో నీళ్ళు పోసి, శిలువ గుర్తు వేసి, పెదాలు కదిలీ కదలకుండా తాత చెప్పిన ప్రార్థన మొదలెట్టింది. వేలు నూనెలో ముంచి నీళ్ళ మీద చుక్క వదిలింది. దిష్టి ఉంటే నూనె విరిగి, చెదిరి, నీళ్ళలో మాయమైపోతుంది. తీసేవాళ్ళకి ఆగకుండా ఆవలింతలు వస్తాయి, కళ్ళంట నీళ్ళు కారతాయి.

చుక్క నీళ్ళ మీద గుండ్రంగా నిలబడింది. అద్దం బిళ్ళలా అటూ ఇటూ తేలింది. జంబేత రెండోది వదిలింది. అదీ అంతే. మూడోసారి మొదటి నుంచీ ప్రార్థన చదివి, ఊపిరి బిగబట్టి మరీ వదిలింది. మూడు చుక్కలూ పక్కపక్కన చేరి ఆమెని వెక్కిరిస్తున్నట్టు మెరిశాయి. ఒక్క ఆవలింత రాలేదు. దిష్టి లేదు, దాని ఛాయ కూడా లేదు.

జంబేత ముందు బతికిపోయాననుకుంది. మరుక్షణమే ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తను పడ్డ మంట, గోడ పక్కన నిలబడి మింగిన చేదు, ఊడ్చిన ఇసుక, ఉమ్మకుండా వదిలిన ఆ మాట, ఇవన్నీ కలిసి ఈ ఆడదాని మీద నూనె చుక్కంత కూడా పని చెయ్యలేదా?

"ఏమైందక్కా? పెద్దదా?" అంది అనెజీనా.

"ఏమీ లేదే. దిష్టి లేదు. పొద్దస్తమానం మేడ మీద ఎండలో, ఈ ఉత్తరపు గాలిలో తిరిగితే పడిపోక ఏమవుతావు? వడదెబ్బ."

అనెజీనా లేచి కూర్చోబోయింది. "సరిగా చూడు. ఎవరిదీ లేదా?"

"ఎవరిదీ లేదు."

"నీది కూడా లేదా?"

జంబేత తల ఎత్తింది. అనెజీనా కళ్ళ నిండా నీళ్ళున్నాయి. దిష్టి లేదన్నందుకు సంతోషించే మనిషి మొహం కాదది. పండగపూట అందరికీ మిఠాయి పంచి తనకి మరిచిపోతే పసిపిల్ల పెట్టే మొహం.

"నువ్వు రేవులో ఉమ్మకుండా వెళ్ళిన రోజు నాకు భయమేసింది. రాత్రికి సంతోషమేసింది. అక్క నన్ను చూసి కుళ్ళుకుంటోంది, ఇన్నాళ్ళకి నాకూ కుళ్ళుకోదగ్గది ఒకటుంది అనుకున్నాను. అదీ లేదన్నమాట."

"నీకేం తక్కువే?" అంది జంబేత.

అప్పుడు అనెజీనా చెప్పింది, దుప్పటి కొస నలుపుకుంటూ, ఆగి ఆగి. పరదేశులు వస్తారు, సూర్యుణ్ణి చూస్తారు, పోతారు, మరుసటేడు ఇంకో మేడ ఎక్కుతారు. ఒక్కళ్ళూ రెండోసారి రాలేదు. లెనార్డోస్ అతిథుల్ని నావూసా తీసుకెళ్తానని వెళ్ళి వాళ్ళకంటే ఆలస్యంగా వస్తాడు. తను నవ్వుతూ చేపలు కాలుస్తూ ఉంటే, మేడ మీంచి జంబేత పెరడు కనిపిస్తుంది. అంజూరచెట్టు కింద మొగుడూ పెళ్ళాం కాఫీ తాగుతూ ఉంటారు. ఒక్క మాట ఉండదు. మాట అక్కర్లేకుండా కూర్చున్న ఆ కూర్చోవడం చూస్తే తనకి కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టు ఉంటుందట.

"ఇక ఆ డెన్మార్కు ఆవిడ సంగతి. చేప పెడితే జంబేత చెట్టు పళ్ళు బాగుంటాయంటుంది. పక్క వేస్తే జంబేత దుప్పట్లు ఎండ వాసన వేస్తాయంటుంది. ఆ పిల్ల తెల్లారి వస్తుంది కదా, నువ్వేమో దీపాలు పెట్టగానే వాకిలి గడియ వేసేస్తావు. ఒక ఏడు తాగి వచ్చిన జర్మనీ కుర్రాళ్ళని సందులోనే పడుకోబెట్టావుగా. ఆ గడియకి భయపడి ఆవిడ నా ఇంటికి వచ్చింది గానీ నా మొహం చూసి కాదు. నీకు చెప్పాలని తలుపు తడితే నువ్వు తియ్యలేదట. మా మేడ మీద కూర్చుని ఆవిడ చూసేది సూర్యుణ్ణి కాదక్కా, మీ పెరడుని. నేనూ దాన్నే చూస్తాను."

జంబేత నూనె సీసాకి మూత బిగించింది. అప్పుడామె ఒక్క మాట అని ఉంటే ఆ మంచం మీది మనిషి లేచి కూర్చునేది. నిన్ను చూసి ఈ పక్షం రోజులూ నాకు నిద్ర లేదే అనెజీనా, నీ నవ్వు వింటే నా కడుపు రగిలిపోయింది అంటే చాలు, ఏ ప్రార్థనా చెయ్యలేని మేలు అది చేసేది. ఆ మాట జంబేత నాలుక చివరి దాకా వచ్చింది. అది నిజం కూడా. ఆమె దాన్ని మింగేసి, "నిమ్మరసంలో ఉప్పేసుకుని తాగు, చీకట్లో పడుకో" అని చెప్పి, గిన్నె తీసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి వంటగదిలో ఒక్కతీ కూర్చుంది. కనుబొమల మధ్య మేకు ఇంకా అలాగే ఉంది. ఎండ అనుకుంది, ఆకలి అనుకుంది, ఇన్నాళ్ళూ ఏదో ఒకటి అనుకుంటూనే వచ్చింది. ఎందుకో ఆమె గిన్నెలో మంచినీళ్ళు మార్చింది. తన కోసం తను ప్రార్థన చదువుకుని, వేలితో ఒక చుక్క వదిలింది.

చుక్క నీళ్ళని తాకీ తాకగానే విరిగిపోయింది. ముక్కలై, ముక్కలు దారాలై, ఏమీ లేకుండా పోయింది. రెండోది అంతకంటే తొందరగా పోయింది. జంబేతకి దవడలు నొప్పెట్టేలా ఆవలింత వచ్చింది, వెంటనే ఇంకోటి, కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. దిష్టి. పచ్చి దిష్టి. ఊళ్ళో అందరూ ఎవరి కళ్ళకి భయపడి మొహం తిప్పుకుంటారో ఆ మనిషికే, ఎవరో తనివితీరా చూసి తగిలించిన దిష్టి. ఎవరో ఏమిటి, గోడ అవతల మేడ మీంచి.

ఇంక ప్రార్థన మిగతాది చదివి, ఆ నీళ్ళు మూడు గుక్కలు తాగి, మిగిలింది ఎవరూ తొక్కని చోట పారబోస్తే తలనొప్పి పోతుంది. జంబేత గిన్నె వైపు చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ప్రార్థన సగంలో ఆపేసి, ఆ నీళ్ళని అలాగే తీసుకెళ్ళి భూతులసి కుండీలో పోసేసింది.

మర్నాడు పండగ. వంద తలుపుల చర్చి నుంచి మరియమ్మ తల్లి ఊరేగింపు వెళ్ళి వచ్చాక, వీధిలో ఇంకా సాంబ్రాణి వాసన ఉండగానే, వాకిలి తలుపు మీద మెల్లగా చప్పుడైంది. ఈసారి జంబేత రెండో పిలుపు దాకా ఆగలేదు. ఇంగెబోర్గ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, ఇంట్లో సాధన చేసి వచ్చిన వాక్యం చెప్పబోయింది. జంబేత వినిపించుకోకుండా ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, చెట్టు కింద పాత కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ కింద స్టూలు జరిపింది. వచ్చే ఏడు ఒక్కదాన్నే వస్తానని ఇంగెబోర్గ్ అంటే, వద్దన్నదెవరు అంది. వస్తే ఆ పిల్లని కూడా తీసుకురా, గడియ తీసి ఉంచుతాను అని మాత్రం అనలేదు, అంత దూరం ఆమె వెళ్ళలేదు. పళ్ళెంలో నీళ్ళూ పాకమూ తెచ్చి పెట్టింది. ఇంగెబోర్గ్ చెంచా నాకి, కళ్ళు మూసుకుంది.

అంతలో మేడ మీద అనెజీనా కనిపించింది. ఇంకా నీరసంగానే ఉంది, గోడ పట్టుకుని నిలబడింది. కింద కుర్చీని చూసింది, కుర్చీలో మనిషిని చూసింది, పక్కన వల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నికిఫోరోస్‌ని చూసింది. పండగ బట్టల్లో వీధిలో పోతున్న ఆడవాళ్ళు కూడా ఆగారు, వాళ్ళలో మార్గరో ఉండనే ఉంది.

"మీ చెట్టు నీడ ఎంత చల్లనక్కా" అంది అనెజీనా, వీధంతా వినేలా. "వచ్చినవాళ్ళు లేచి పోరు. అదృష్టమంటే నీదే."

జంబేత తల పైకెత్తి ఆ మూడు థూలకోసం చూసింది. వీధిలో ఆడవాళ్ళూ చూశారు. అనెజీనా పెదాలు బిగించి, కిందికి తదేకంగా చూస్తూ నిలబడింది. ఉమ్మలేదు.

జంబేత కనుబొమల మధ్య మేకు ఇంకో అంగుళం దిగింది. ఆమె మొహం చూసి నికిఫోరోస్ లేచాడు.

"మళ్ళీ తలనొప్పా? పక్కవీధి ముసలాయనకి కూడా దిష్టి తియ్యడం వచ్చుగా, పిలుచుకురానా?"

"వద్దు. పండగ కదా, ఉండనీ" అంది జంబేత. తలగుడ్డ బిగించి కట్టుకుని, ఇంగెబోర్గ్ కూర్చున్న కుర్చీని మనిషితో సహా కొమ్మల చాటు నుంచి బయటికి, మేడ మీంచి బాగా కనపడే చోటికి లాగింది.